నూతన ప్రభుత్వము - కాలువ చివరి రైతు

రాష్ట్రమునకు క్రొత్త ప్రభుత్వము వచ్చినప్పుడెల్ల ప్రజలు రెండు ప్రశ్నలు వేయుదురు. ఏమి చేయుదురన్నది మొదటిది. ముందుగా ఏది చేయుదురన్నది రెండవది. మొదటి ప్రశ్నకు ఎన్నికల ప్రణాళికలోనే సమాధానము దొరకును. రెండవదానికి మాత్రము ప్రభుత్వము ధనమును వెచ్చించు క్రమమే సమాధానము గాని ఉపన్యాసములు కావు. 2023 నవంబరు 30వ తేదీన జరిగిన ఎన్నికలలో 119 స్థానములకు 64 స్థానములు గెలిచి, డిసెంబరు 7వ తేదీన శ్రీ అనుముల రేవంత్ రెడ్డి గారి నాయకత్వమున తెలంగాణ ప్రభుత్వము ఏర్పడినది. ఆ ప్రభుత్వము నడచిన తొలి రెండేండ్ల తీరును చూచిన పిదప, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల పక్షమున ఈ రెండవ ప్రశ్నను అడుగుట మా విధియని తలచుచున్నాము.

చేసిన మేలును ముందుగా చెప్పుట న్యాయము. అధికారము స్వీకరించిన నాడే ముఖ్యమంత్రి నివాసము ముందరి ఇనుపకంచెలు తొలగింపబడినవి. ఆ భవనమునకు ప్రజాభవనమను పేరు వచ్చినది. మరునాడు అచ్చట ప్రజల విన్నపములు వినుట ఆరంభమైనది. డిసెంబరు 9వ తేదీ నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము లభించినది. 2024 జూలై, ఆగస్టు నెలలలో మూడు విడతలుగా రెండు లక్షల రూపాయల వరకు పంటఋణముల మాఫీ జరిగినది. సన్నవడ్లకు క్వింటాలునకు 500 రూపాయల బోనసు ప్రకటింపబడినది. రేషను దుకాణములలో సన్నబియ్యము పంచు పథకము 2025 మార్చి 30వ తేదీన, ఉగాది పండుగనాడు, మన హుజూర్‌నగరుననే ప్రారంభమైనది. ఇవి పేదవాని గడప త్రొక్కిన మేళ్లు. మాఫీ తమకు అందలేదని మొరపెట్టుకొను రైతుల మాట త్రోసివేయదగినది కాకున్నను, జరిగినదానిని జరుగలేదనుట ధర్మము కాదు.

అయితే ఈ మేళ్లన్నియు ఎట్టి బొక్కసము నుండి వచ్చుచున్నవో తెలిసికొనవలెను. 2023 డిసెంబరు 20వ తేదీన ప్రభుత్వము శాసనసభలో శ్వేతపత్రమును ప్రకటించినది. 2014లో 72,658 కోట్లుగానున్న అప్పు 6,71,757 కోట్లకు పెరిగినదని అందలి లెక్క. ప్రతిపక్షమువారు ఈ లెక్కను అంగీకరింపక వేరొక పత్రమును వెలువరించిరి. ఎవరి లెక్క సరియైనదైనను, రాష్ట్రముపై ఋణభారము మిక్కుటమనుటలో సందేహము లేదు. ఇట్టి స్థితిలో 2034 నాటికి లక్ష కోట్ల డాలర్ల సంపదయు, 2047 నాటికి మూడు లక్షల కోట్ల డాలర్ల సంపదయు సాధింతుమని ప్రభుత్వము ఆశయమును చాటినది. ఆశయము గొప్పదే. కాని ఇంటికప్పు కారుచుండగా మేడకు పునాది త్రవ్వు గృహస్థుని ఎవరు మెత్తురు? ధనము కొరతగానున్నప్పుడు, ఉన్నదానిని చెడిపోకుండ కాచుకొనుటయే అన్నిటికన్న లాభకరమైన వ్యాపారము. మేము చెప్పదలచినది ఈ యొక్క మాటయే.

దీనికి మన సీమకన్న మంచి నిదర్శనము వేరొకటి లేదు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూ పండితుడు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలెను. ఎడమకాలువకు లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టబడినది. పదునొకండు వేల క్యూసెక్కుల నీటికై త్రవ్విన ఆ కాలువ మిర్యాలగూడ ప్రక్కగా సాగి, మునగాల, నడిగూడెము, కోదాడ ప్రాంతములను తడిపి ఖమ్మము వైపు పోవును. జొన్నయు ఆముదమును పండిన మెట్టభూములు వరిమళ్లయినవి. మిర్యాలగూడ దేశమున పేరెన్నికగన్న బియ్యపు మిల్లుల పట్టణమైనది. ఒక్క కాలువ మూడు పట్టణముల బ్రతుకును మార్చినది. ఆర్థికాభివృద్ధియన నేమో తెలియగోరువారు పుస్తకములు తిరుగవేయ నక్కరలేదు. ఆ కాలువగట్టున నిలిచి చూచిన చాలును.

ఇప్పుడు ఆ గట్టు స్థితి యెట్లున్నది? 2022 సెప్టెంబరు 7వ తేదీన నిడమనూరు చెంత ఎడమకాలువకు గండి పడి పొలములు మునిగినవి. 2023లో కృష్ణకు వరద తగ్గి, ఆ యాసంగికి కాలువ క్రింద సాగునీరు లభింపలేదు. మరుసటి యేడు నీరు పుష్కలముగా వచ్చినది. కాని 2024 సెప్టెంబరు 1వ తేదీ కుండపోత వానలలో నడిగూడెము మండలమున కాలువ మరల తెగినది. కోదాడ వీధులు ఏరులైనవి; ప్రాణములు పోయినవి; పైరు మీద ఇసుకమేటలు వేసినవి. ఒక యేడు నీరులేక పంట లేదు. మరుయేడు నీరుండియు పంట దక్కలేదు. మొదటిది దైవికమనవచ్చును; రెండవది దైవముపై మోపరాదు. అవిభక్త రాష్ట్రమున 2010లోనే ప్రపంచబ్యాంకు ఋణసహాయముతో సాగరు కాలువల ఆధునికీకరణము చేపట్టిరి గదా! ఆ పిదపనే ఈ గండ్లు పడినవి. అప్పుతెచ్చి చేసిన పనిని కాపాడు ఏర్పాటు లేనిచో అప్పు మిగులును, పని మిగులదు.

ఈ దోషము ఒక్క కాలువది కాదు, ఒక్క పక్షముది అంతకన్న కాదు. సూర్యాపేటకు చేరువనున్న మూసీ ప్రాజెక్టున 2019 అక్టోబరు 5వ తేదీన ఒక గేటు కొట్టుకొనిపోయి, నిలువచేసిన నీరు వృథాగా పోయినది. 2023 అక్టోబరున గోదావరిపై మేడిగడ్డ బరాజు స్తంభములు క్రుంగినవి. 2025 ఫిబ్రవరి 22వ తేదీన శ్రీశైలము ఎడమగట్టు సొరంగము పైకప్పు కూలి ఎనమండుగురు పనివారు లోపల చిక్కుకొనిరి. కట్టుటయందలి ఉత్సాహము కాచుటయందు లేకపోవుట మన పరిపాలనకు పట్టిన పాతజాడ్యము. శంకుస్థాపనకు శిలాఫలకము ఉండును. పూడిక తీసినవానికి ఏ ఫలకమును ఉండదు. అందుచేతనే నాయకుల కన్ను మొదటిదానిపై పడును.

కాలువ మొదటనున్నవానికి ఈ లోపము వెంటనే కనబడదు. తూటికాడయు జమ్మును పెరిగి, లైనింగు పగిలి, షట్టర్లు త్రుప్పుపట్టినప్పుడు ముందుగా ఎండునది చివరి మడి. సూర్యాపేట ప్రాంతమున శ్రీరాంసాగరు రెండవదశ కాలువల చివరి భూములది ఇదే గతి. 2024 మార్చి 31వ తేదీన మాజీ ముఖ్యమంత్రి శ్రీ చంద్రశేఖరరావు గారు ఈ జిల్లాకు వచ్చి ఎండిన పంటలను చూచిరి. ఇది నిర్వహణ లోపమని ప్రతిపక్షము, వర్షాభావమని ప్రభుత్వము వాదించినవి. ఎండిన వరికి ఆ వాదముతో పనిలేదు. చివరి తూమునకు నీరందినదా లేదా అన్నదే దాని ప్రశ్న.

మన పూర్వులు ఈ రహస్యమును ఎరుగుదురు. సూర్యాపేట చెంతనే పిల్లలమఱ్ఱిలో కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్లు గుడులు కట్టించిరి. ఆ వంశమువారు త్రవ్వించిన చెరువులు తెలుగునాట నేటికిని పంట పండించుచున్నవి. చెరువు కట్టించినవారికిని, దానిని కాచి మరమ్మతు చేయువారికిని దశబంధ మాన్యములిచ్చుట నాటి పద్ధతి. అనగా నీటి వలన వచ్చిన ఫలములో కొంత ఆ నీటివనరు కొరకే తిరిగి వినియోగపడెడిది. కట్టుటతోడనే కాచుటకు కూడ ఏర్పాటు జరిగెడిది. ఎనిమిదివందల యేండ్లనాటి పాలకులకు తోచిన ఈ చిన్న వివేకము నేటి బడ్జెట్టుల కేల తోచకుండవలెను?

నీటి తరువాత ధాన్యము. 2024 వానకాలమున రాష్ట్రములో 150 లక్షల టన్నులకు మించి వడ్లు పండినవని ప్రభుత్వమే చెప్పినది. గర్వింపదగిన విషయమే. కాని కోతల కాలమున మిర్యాలగూడ మిల్లుల ముందు ట్రాక్టర్లతో బారులుతీరు రైతుకు ఆ గర్వము ఎంతసేపుండును? తేమ యున్నదని ధర కోత, తాలు ఉన్నదని తరుగు, గోనెసంచులు లేవని జాగు. ఇంతలో ఒక్క వాన కురిసిన రాశి యంతయు తడిసి మొలకెత్తును. ఆరబెట్టు కల్లములు, ధాన్యము ఆరబెట్టు యంత్రములు, గిడ్డంగులు, నమ్మకమైన కాంటాలు - ఇవి సమకూర్చుటకు వేలకోట్లు అక్కరలేదు. పండించినదానిని నష్టపోకుండ అమ్ముకొనగలుగుట కూడ ఉత్పత్తియే యని ఆర్థికశాఖ గుర్తింపవలెను.

మూసీనది విషయము వేరుగా చెప్పవలసియున్నది. హైదరాబాదు మురికినంతయు మోసికొని ఆ నది ఈ జిల్లాల పొలములలో పారి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియును. మూసీ ప్రక్షాళనమును ముఖ్యమంత్రిగారు తమ ప్రధానాశయములలో చేర్చినందుకు మేము సంతసించితిమి. అయితే నగరమున ఒడ్డుల సింగారము మొదటిదా, మురుగును శుద్ధిచేయుట మొదటిదా? దిగువవాని పైరును పశువును తలచినచో సమాధానము స్పష్టము. అట్లే దామరచర్ల మండలమున 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రము వెలసినది. 2024 డిసెంబరు 7వ తేదీన ముఖ్యమంత్రిగారు అందలి యొక యూనిటును జాతికి అంకితము చేసిరి. దాని వెలుగు రాష్ట్రమంతటికిని పోవును. దాని బూడిద మాత్రము ఇచ్చటనే పడును. భూములిచ్చినవారి ఉపాధియు, చుట్టుపట్ల గ్రామముల ఆరోగ్యమును ఆ కేంద్రపు ఖర్చులో మొదటి పద్దులు కావలెను.

కావున మేము కోరునది ఇది. కాలువలు, చెరువులు, తూములు, గేట్ల మరమ్మతులకు ఏటేట ఒక ప్రత్యేకనిధిని కేటాయించి, దానిని మరొక పనికి మళ్లింపరాదను నియమమును శాసనముగా చేయవలెను. ప్రతి మేజరు కాలువకు చాలినంతమంది లష్కర్ల నుంచి, వారబందీ పట్టికను ప్రతి గ్రామపంచాయతీ గోడపై అంటింపవలెను. 1997 నాటి చట్టము రైతులకిచ్చిన నీటివినియోగదారుల సంఘములకు ఎన్నికలు జరిపి మరల ప్రాణము పోయవలెను. ఏ యేడు ఏ తూము క్రింద చివరి యెకరమునకు ఎన్నితడులు అందినవో లెక్క ప్రకటింపవలెను. ఇవి జరిగిన పిమ్మట క్రొత్త నగరములు కట్టినను మాకు అభ్యంతరము లేదు.

ఇది అసాధ్యమనుటకు వీలులేదు. ఈ ప్రభుత్వము ఏర్పడినప్పుడు నీటిపారుదల, పౌరసరఫరాల శాఖలు రెండును హుజూర్‌నగరు ప్రతినిధియగు శ్రీ ఉత్తమ్ కుమార్ రెడ్డి గారికే అప్పగింపబడినవి. నీరును ధాన్యమును ఒకే చేతిలోనుండుట, ఆ చేయి మన సీమదే యగుట అరుదైన అవకాశము. 2023లో కోదాడయు మిర్యాలగూడయు పాలకపక్షమును, సూర్యాపేట ప్రతిపక్షమును ఎన్నుకొనినవి. తూము తలుపెత్తునపుడు ఈ భేదము కానరాకుండుటయే నిష్పాక్షికతకు పరీక్ష.

ప్రజల విధియు కలదు. గండి పడిన నడిగూడెమే ఒకనాడు మునగాల రాజా నాయని వెంకటరంగారావుగారి నివాసము. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు తోడ్పడి, తెలంగాణమున చదువరుల నొకచోట చేర్చినవారిలో ఆయన ముఖ్యుడు. 1941లో ఆంధ్రమహాసభ మన చిలుకూరిలోనే సమావేశమైనది. చదువుకొని, ప్రశ్నించి, హక్కు సంపాదించుకొనుట ఈ నేలకు క్రొత్త విద్య కాదు. గ్రంథాలయములలో కూడు సోదరులు పార్టీల జయాపజయములను చర్చించు కాలములో కొంత తీసి, తమ ఊరి కాలువకు ఎంత మంజూరైనదో, ఎంత ఖర్చైనదో, పని యెట్లున్నదో లెక్క వ్రాసి పెట్టుదురుగాక. లెక్క అడుగు ప్రజలున్నచోట పాలకుడు నిర్లక్ష్యము చేయజాలడు.

రాజధానిలో ఎన్ని దీపములు వెలిగినవని కాదు, కాలువ చివరి మడిలో ఎన్నితడులు పారినవని ప్రభుత్వమును కొలుతుము. ఆ మడికి నీరందించిన ప్రభుత్వమునకు ఈ సీమ కృతజ్ఞత చూపును. అందింపనిదానికి ఏమి సమాధానము చెప్పవలెనో ఈ సీమకు తెలియును.