రాఘవకు 150 ఏళ్ళు: దండలు చాలు, నాటకం వెయ్యండి!

బళ్ళారి పెద్దలారా, కన్నడ బంధువులారా, బడికెళ్ళే మన పిల్లలారా!

2030 ఆగస్టు 2న రంగస్థల నటుడు బళ్ళారి రాఘవ పుట్టి 150 ఏళ్ళు నిండుతాయి. ఆ రోజు పొద్దున పటానికి దండ వేసి, నాలుగు ఉపన్యాసాలు దంచి, శాలువాలు మనకు మనమే కప్పుకొని ఇంటికి పోదామా? ఆయన పేరు పెట్టుకున్న కళామందిరం మన ఊళ్ళోనే ఉంది. దాని ముందు తలెత్తుకు నడవాలంటే ఆ రోజు అక్కడ తెర లేవాలి. ‘ఇంకా టైముంది కదా’ అంటారని తెలుసు. రిహార్సళ్ళకు నెలలు చాలు, నటుల్ని తయారు చేసుకోవడానికే ఏళ్ళు కావాలి.

నాటకాలాడినాయనకు ప్రజాసేవకుడన్న గౌరవం దేనికని ఎవరైనా అడిగితే ఇలా చెప్పండి. తాడిపత్రిలో పుట్టి బళ్ళారిలో పెరిగిన ఈ రాఘవాచార్యులు పగలంతా కోర్టులో వకీలు. పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గానూ పనిచేశారు. సాయంత్రమైతే ముఖానికి రంగు. నాటకాన్ని ఏనాడూ బతుకుతెరువు చేసుకోలేదు. కోర్టులో చేసిన కొలువు కన్నా ఆ రంగు వేసుకొని చేసిన సేవే పెద్దదని నా లెక్క.

ఆ మాటకొస్తే తెలుగు నాటకం మొత్తం మన కోర్టు వకీళ్ళకు బాకీ పడింది. రాఘవ మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు వకీలే. చిత్రనళీయం రాసి, సరసవినోదినీ సభ పెట్టి ఆంధ్ర నాటక పితామహుడు అనిపించుకున్నారు. చారిత్రక నాటకాలకు దారి వేసిన కోలాచలం శ్రీనివాసరావూ వకీలే. రాఘవ ఇద్దరి నాటకాలూ ఆడారు. మేనమామ నాటకంలో హిరణ్యకశిపుడు, కోలాచలం వారి ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుం. వాయిదాలకూ సాక్షులకూ నడుమ ఇంత పని చేసిన ఊరు మనది! నేటి మన న్యాయవాదులకు ఇది ఎత్తిపొడుపే అనుకోండి, తప్పు లేదు.

ఆయన తెచ్చిన మార్పేమిటో కూడా పిల్లలకు చెప్పాలి. ఆ రోజుల్లో చావబోయే పాత్రయినా సరే, గుక్క తిప్పుకోకుండా రాగం తీస్తుంది. జనం ‘వన్స్ మోర్’ అంటారు. అంతే, పాత్ర లేచి నిలబడి అదే పద్యం మళ్ళీ అందుకుంటుంది. రాఘవకు ఇది గిట్టలేదు. రాగాన్ని తగ్గించారు. కంటితో, గొంతు మార్పుతో, ఒక్కోసారి ఉత్త మౌనంతో పాత్రను నిలబెట్టారు. షైలాక్, ఒథెల్లో పాత్రలూ వేశారు. ఇంగ్లండు వెళ్ళి బెర్నార్డ్ షాను కలిసి వచ్చారు. వచ్చినాక మాత్రం ఆయన పోరు ఇక్కడి అలవాట్లతోనే.

ఆ పోరులో అన్నిటికన్నా గట్టిది ఆడవేషాల సంగతి. మగవాళ్ళు చీర కట్టి ద్రౌపదులైన కాలంలో, ఆడపాత్ర ఆడవాళ్ళే వెయ్యాలని పట్టుబట్టారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటి గృహిణులు ఆయనతో కలిసి రంగస్థలం ఎక్కారు. ఆ రోజుల్లో ఆమెకు, ఆమె ఇంటివారికి ఎంత గుండెధైర్యం కావలసి వచ్చిందో ఆలోచించండి. అక్కల్లారా, చెల్లెళ్ళారా, ఈ వేడుకకు మీరు హారతి పళ్ళేలు పట్టుకొని నిలబడితే ఒప్పుకోను. వేషం కట్టండి, దర్శకత్వం మీరే చెయ్యండి!

ఇక భాషల సంగతి. 1953 అక్టోబరు 1న బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి. అప్పటికి రాఘవ కన్నుమూసి ఏడేళ్ళు. ఆ సరిహద్దు గీత ఆయన చూడలేదు, ఆయన కళకూ అది తెలియదు. తెలుగు, కన్నడం, హిందీ, ఇంగ్లీషు నాలుగింటా నటించిన మనిషిని ఒక భాష గదిలో పెట్టి తాళం వెయ్యడం మనకు తగదు. అందుకే కన్నడ మిత్రులను అతిథులుగా పిలవకండి. వాళ్ళను కమిటీలో కూర్చోబెట్టండి.

మన పిల్లలకు తెలుగు చదవడం రాదే అని దిగులా? ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బళ్ళో కన్నడం చదువుతారు. పాత్రల మాటలు కన్నడ లిపిలో రాసి చేతికివ్వండి, గడగడా చదివేస్తారు. నాటకం ముగిసేలోగా తెలుగు అక్షరాలు వాళ్ళే అడిగి నేర్చుకుంటారు. పాత నటులుంటే వాళ్ళ దగ్గర కూర్చొని, వాళ్ళు చెప్పేది ఫోనులో రికార్డు చెయ్యండి. ఈ పనికి మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. అటకల మీద చెదలు తింటున్న నాటకం పుస్తకాలు దింపి ఫొటోలు తియ్యండి. ఇక వేషాలంటారా, జీన్స్ కుట్టి ఊరూరికీ పంపే బళ్ళారికి పఠాన్ రుస్తుం అంగరఖా ఒక లెక్కా?

మొదటి నాటకంగా పి.వి. రాజమన్నార్ రాయగా రాఘవ ఆడిన ‘తప్పెవరిది’ ఎత్తుకుందాం. ఆ పైన కోలాచలం, ధర్మవరం వారివి, వాటితో పాటు ఒక కన్నడ నాటకం. ఈ ఆగస్టు 2 నుంచి ఏటా ఒకటి చొప్పున ఆడుతూ పోతే 2030 నాటికి మన చేతిలో ఒక దళం తయారవుతుంది. టిక్కెట్టు పెట్టండి. వచ్చిన డబ్బుతో సర్కారు బళ్ళలో నాటకం నేర్పే మాస్టర్లకు జీతాలివ్వండి. ఫ్రీ పాసు అడిగేవాళ్ళ వరసలో ముందు నిలబడేది నేనే. నాకూ ఇవ్వొద్దు.