నీటికాసులు, మిరప కోత, మెరిట్

మొన్న స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి అడిగాడు: "రిజర్వేషన్ డాక్టర్ చేతిలో నీ కన్ను పెడతావా?" పక్కనే ఉదాహరణ కూడా తీశాడు, గుళ్ళపల్లి నాగేశ్వరరావు గారు. మెరిట్ అంటే అదీ అన్నాడు.

ఆయన పని మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ కెరీర్‌ని పూర్తిగా చదవండి. గుంటూరు మెడికల్ కాలేజీ, సర్కారుది. ఢిల్లీ ఎయిమ్స్, సర్కారుది. అమెరికా నుంచి 1986లో తిరిగొచ్చాడు. సినిమా నిర్మాత ఎల్.వి. ప్రసాద్ ఇచ్చిన విరాళంతో, భూమితో 1987లో హైదరాబాదులో కంటి సంస్థ లేచింది. ప్రతిభ ఉంది, కాదనను. ప్రతి మెట్టు కింద ప్రజల డబ్బో దాత చెయ్యో కూడా ఉంది. మన పిల్లల దగ్గరికొచ్చేసరికి దానికి కోటా అని పేరు.

ఆయన కార్నియా నిపుణుడు. నా గొడవ నీటికాసులది, డాక్టర్ల మాటలో గ్లాకోమాది. ఆ సంస్థే 1996–2000 మధ్య హైదరాబాదులోనూ పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనూ పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించింది. (మన గుంటూరు, ప్రకాశం అందులో లేవు.) నీటికాసులు బయటపడినవాళ్ళలో అత్యధికులకు ఆ జబ్బు ఉన్న సంగతే అప్పటిదాకా తెలియదు.

ఎలా తెలుస్తుంది? నొప్పి ఉండదు. ముందు పక్కచూపు పోతుంది. శుక్లమైతే ఆపరేషన్‌తో చూపు తెస్తారు, ఇందులో పోయింది ఇక రాదు.

మా పెద్దమ్మ ముప్పై ఏళ్ళు మిరప కోతకు పోయింది. కల్లాల్లో తాలుకాయలు ఏరింది. సాయంత్రానికి కళ్ళు నిప్పులు. మందుల షాపువాడు ఒక చుక్కల మందిచ్చాడు, మంట చప్పున తగ్గింది. ఏళ్ళ తరబడి అదే వేసుకుంది. అందులో ఉన్నది స్టెరాయిడ్. డాక్టర్ చూడకుండా అలా వాడుతూ పోతే కొందరికి కంట్లో ప్రెషర్ పెరిగి నరం చస్తుంది. ఆమె గట్ల మీద తూలి పడుతుంటే "వయసు" అన్నాం. అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను, డాక్టరేట్ ఉన్నవాణ్ణి.

ఆమె కన్ను పెట్టింది రిజర్వేషన్ డాక్టర్ చేతిలో కాదు సార్. ఏ డాక్టరూ లేని చోట.

ఇక గ్లాకోమా ప్రొఫెసర్ అయ్యే దారి చూడండి. ఎంబీబీఎస్, ఎంఎస్ దాకా రోస్టర్ ఉంటుంది. తర్వాత ట్రస్టు ఆసుపత్రుల్లో ఫెలోషిప్, అక్కడ ఉండదు. ఎయిమ్స్ ఫ్యాకల్టీ కేసులో 2013 జూలైలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం సూపర్ స్పెషాలిటీ పోస్టుల్లో రిజర్వేషన్ వద్దంది. నిచ్చెన పైమెట్లు తీసేసి, పైన మీవాళ్ళేరీ అని అడుగుతారు.

ఇంట్లో ఉన్న చుక్కల సీసా మీద పేరు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే కంటి డాక్టర్‌కి చూపించండి. నలభై దాటినవాళ్ళకి ప్రెషర్, కంటి నరం రెండూ చూడమని అడగండి. తోబుట్టువులకు ముప్పు ఎక్కువ, అందుకే అమ్మని తీసుకెళ్ళాను. పీజీ చదువుతున్న ఒక అమ్మాయి చూసింది. మిషన్ ముందు కూర్చోబెట్టకముందే, "కోతకు పోతావా అమ్మా? కళ్ళు మండితే ఏం వేసుకుంటావు?" అంది. వాళ్ళమ్మ గుంటూరు యార్డులో తొడిమలు తీస్తుందట.