ఆఫీసు కంప్యూటర్‌ను ఇంటి నుంచి తెరవాలంటే.. తాళం ఎవరి చేతిలో ఉండాలి?

రాత్రి తొమ్మిదింటికి ఆఫీసు నుంచి ఫోన్. పొద్దున్నే పంపాల్సిన ఫైలు మీ సీటు దగ్గరి కంప్యూటర్‌లోనే ఉండిపోయింది. 'రిమోట్ యాప్ వేసి పెట్టుకుని ఉంటే రెండు నిమిషాల పని కదా' అనిపిస్తుంది. ఇంకో రోజు ఇంకో ఫోన్. 'బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ కేవైసీ ఆగిపోయింది. ఈ యాప్ వేసుకోండి, మేమే సరిచేస్తాం' అంటారు.

రెండు సందర్భాల్లోనూ యాప్ ఒకటే కావచ్చు. ఒకచోట పని పూర్తవుతుంది, రెండోచోట ఖాతా ఖాళీ అవుతుంది. యాప్‌ను ఎవరు పెట్టమన్నారు, ఎవరు అనుమతిచ్చారు, అవతల ఎవరున్నారు? అసలు తేడా అక్కడే ఉంది. అందుకే ఈ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో ఓసారి చూద్దాం.

రిమోట్ యాక్సెస్‌లో జరిగేదేంటి?

దూరంగా ఉన్న కంప్యూటర్ తెర మీ ముందుకు వస్తుంది. మీ కీబోర్డు, మౌస్ కదలికలు అక్కడికి వెళ్తాయి. ఫైలు మాత్రం అక్కడే ఉంటుంది, మీరు కాపీ చేసుకుంటే తప్ప.

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిదానిలో అవతలి కంప్యూటర్ ముందు ఒక మనిషి ఉండి 'సరే' అని నొక్కాలి. హెల్ప్‌డెస్క్ వాళ్లు మీ ల్యాప్‌టాప్‌ను సరిచేసేది ఇలాగే. రెండోదానిలో అక్కడ ఎవరూ ఉండక్కర్లేదు, పాస్‌వర్డ్ ఉంటే చాలు. సౌకర్యం రెండోదానిలోనే ఎక్కువ, ప్రమాదం కూడా.

విండోస్‌లో 'రిమోట్ డెస్క్‌టాప్' ముందే ఉంటుంది. ప్రో ఎడిషన్ ఉన్న కంప్యూటర్‌ను బయటి నుంచి తెరవచ్చు, హోం ఎడిషన్‌ను కుదరదు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటివి వేరే పద్ధతిలో పనిచేస్తాయి. రెండు కంప్యూటర్లూ ఆ కంపెనీ సర్వర్‌ను సంప్రదిస్తాయి, అది రెండింటినీ కలుపుతుంది. కనెక్షన్ లోపలి నుంచి బయటికి మొదలవుతుంది కాబట్టి ఆఫీసు ఫైర్‌వాల్ చాలాసార్లు అడ్డుకోదు. వాడేవారికి నచ్చేది, ఐటీ విభాగం భయపడేది ఈ ఒక్క కారణంతోనే.

'మేనేజ్డ్' కంప్యూటర్ అంటే?

మీరు వాడుతున్నా, పెత్తనం సంస్థదే అయిన కంప్యూటర్. ఏ సాఫ్ట్‌వేర్ ఉండాలి, అప్‌డేట్లు ఎప్పుడు రావాలి, పెన్‌డ్రైవ్ పనిచేయాలా వద్దా అన్నవి ఐటీ విభాగం ఒకేచోట కూర్చుని నిర్ణయిస్తుంది. అడ్మిన్ హక్కులు మీకు ఇవ్వకపోవడం అనుమానంతో కాదు. ఒక వైరస్ మీ లాగిన్‌తో లోపలికి వచ్చినా, మీకున్న హక్కులకు మించి అది చేయడం కష్టమవుతుంది.

సరైన ఏర్పాటు ఎలా ఉండాలి?

మొదటి నియమం: రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి పెట్టకూడదు. అది మామూలుగా వాడే 3389 నంబర్ పోర్టు తెరిచి ఉందా అని వెతికే ప్రోగ్రాములు నెట్‌లో రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. కనిపిస్తే పాస్‌వర్డులు ఒకదాని తర్వాత ఒకటి ప్రయత్నిస్తాయి.

అందుకే ముందు వీపీఎన్ లేదా గేట్‌వే ఉండాలి. లాగిన్‌కు పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌లోని కోడ్ లాంటి రెండో రుజువు అడగాలి. లోపలికి వచ్చిన వ్యక్తికి తన కంప్యూటర్ వరకే దారి ఇవ్వాలి, మొత్తం నెట్‌వర్క్‌కు కాదు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చారో నమోదు కావాలి. ఉద్యోగి మానేసిన రోజే ఖాతా మూతపడాలి.

చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. 2021 మేలో అమెరికాలో కలోనియల్ పైప్‌లైన్ ఆగిపోయింది దాదాపు ఇలాంటి లోపంతోనే. వాడుకలో లేని ఒక పాత వీపీఎన్ ఖాతాను మూసేయలేదు, దానికి రెండో రుజువు అడిగే ఏర్పాటూ లేదు. పాస్‌వర్డ్ ఒక్కటి దొరికితే సరిపోయింది. తూర్పు తీరంలో పెట్రోలు బంకుల ముందు క్యూలు కట్టారు. కంపెనీ 44 లక్షల డాలర్లు చెల్లించింది.

మన దగ్గర 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగింది. ఐదు సర్వర్లలోని సుమారు 1.3 టెరాబైట్ల డేటాను దుండగులు తాళం వేసినట్టు మార్చేశారు. నెట్‌వర్క్‌ను సరిగ్గా విభాగాలుగా వేరు చేయకపోవడమే కారణమని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడిన రోగికి నెట్‌వర్క్ విభజన అంటే తెలియదు. కానీ రోజుల తరబడి పనులన్నీ చేతిరాతతో నడిచినప్పుడు ఇబ్బంది పడింది ఆయనే.

ప్రభుత్వ ఉద్యోగులకు ప్రత్యేక నిబంధనలున్నాయా?

ఉన్నాయి. 2022 జూన్‌లో కేంద్రం తన ఉద్యోగులకు సైబర్ భద్రతా మార్గదర్శకాలు ఇచ్చింది. అనుమతి లేని రిమోట్ సాధనాలు వాడొద్దని చెబుతూ టీమ్‌వ్యూయర్, ఎనీడెస్క్ పేర్లను అందులో నేరుగా ప్రస్తావించింది. బయటి వీపీఎన్‌లు వద్దని, ప్రభుత్వ ఫైళ్లను గూగుల్ డ్రైవ్, డ్రాప్‌బాక్స్ లాంటి చోట్ల పెట్టొద్దని, పాస్‌వర్డులు కనీసం 45 రోజులకోసారి మార్చాలని సూచించింది.

ఇది మీకెందుకంటే, మీ కుల ధ్రువీకరణ పత్రం, భూమి రికార్డు, పింఛను వివరాలు ఏదో ఒక ప్రభుత్వ కంప్యూటర్‌లోనే తెరుచుకుంటాయి. పని తొందరగా అవుతుందని ఆ కంప్యూటర్‌లో ఎవరైనా సొంతంగా రిమోట్ యాప్ పెట్టుకుంటే, మీ వివరాలకు మీకు తెలియని ఇంకో తలుపు తెరిచినట్టే.

ఐటీ వాళ్లు నన్ను చూస్తుంటారా?

సంస్థ ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో ఏ యాప్‌లున్నాయి, అప్‌డేట్లు అయ్యాయా లాంటివి వాళ్లకు తెలుస్తాయి. తెర చూడాలంటే అనుమతి అడిగేలా పెట్టవచ్చు, అడగకుండానూ పెట్టవచ్చు. అది సంస్థ విధానాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఆ విధానం చూపించమని అడగండి. సొంత ఆండ్రాయిడ్ ఫోన్‌లో 'వర్క్ ప్రొఫైల్' పెట్టుకుంటే ఆఫీసు యాప్‌లు వేరుగా ఉంటాయి. సంస్థ ఆ భాగాన్నే చెరిపేయగలదు, మీ ఫొటోలను కాదు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం సొంత బ్యాంకు పనులు పెట్టుకోకపోవడమే మంచిది.

మరి ఆ రెండో ఫోన్ సంగతి?

ఈ మోసం గురించి రిజర్వ్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. ముందు యాప్ వేయిస్తారు. అందులో కనిపించే 9 అంకెల కోడ్ చెప్పమంటారు. తర్వాత వచ్చే అనుమతులన్నిటికీ 'సరే' నొక్కమంటారు. ఆ క్షణం నుంచి మీ ఫోన్ తెర అవతలివాళ్ల ముందు ఉంటుంది.

'నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదే' అని బాధితులు అంటుంటారు. నిజమే కావచ్చు. చెప్పాల్సిన అవసరమే రాలేదు. ఓటీపీ మెసేజ్ తెరమీదికి రాగానే వాళ్లూ చదివేశారు.

పోయిన డబ్బు బాధ్యత ఎవరిదన్నది కూడా ఇక్కడే తేలుతుంది. రిజర్వ్ బ్యాంకు 2017 జులై 6 సర్క్యులర్ ప్రకారం.. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక బయట జరిగితే, మూడు పనిదినాల్లోపు తెలియజేసిన ఖాతాదారుకు నష్టం ఉండదు. ఖాతాదారు నిర్లక్ష్యం వల్ల జరిగితే మాత్రం, బ్యాంకుకు చెప్పేవరకు పోయినదంతా ఆయనే భరించాలి. చెప్పిన తర్వాత జరిగే నష్టం బ్యాంకుది. కాబట్టి ప్రతి నిమిషమూ లెక్కలోకి వస్తుంది.

ఇప్పటికే కోడ్ చెప్పేసి ఉంటే?

ముందు ఆ ఫోన్ లేదా కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఆపండి. వైఫై, మొబైల్ డేటా రెండూ. కనెక్షన్ తెగితే అవతలివాళ్ల చేయి అందదు.

ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు, 1930 హెల్ప్‌లైన్‌కు చెప్పండి. సైబర్‌క్రైమ్.గవ్.ఇన్ పోర్టల్‌లోనూ ఫిర్యాదు చేయవచ్చు.

పాస్‌వర్డులు, యూపీఐ పిన్ ఇంకో పరికరం నుంచే మార్చండి. యాప్ తీసేశాక కూడా అనుమానం ఉంటే ఫోన్‌ను రీసెట్ చేయించండి.

అది ఆఫీసు కంప్యూటర్ అయితే ఐటీ విభాగానికి వెంటనే చెప్పండి. తిడతారేమోనని దాచొద్దు. 2022 ఏప్రిల్‌లో సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి అక్రమ చొరబాట్లను సంస్థలు తెలిసిన 6 గంటల్లోపు నివేదించాలి. మీరు తెల్లవారే దాకా ఆగితే చొరబడినవాళ్లకు ఆ రాత్రంతా చేతికిచ్చినట్టే.

ఇక ఆ రాత్రి తొమ్మిదింటి ఫైలు సంగతి. రేపే ఐటీ విభాగానికి మెయిల్ పెట్టి, ఇంటి నుంచి పనిచేసేందుకు అనుమతి, వీపీఎన్ ఖాతా అడగండి. రెండు మూడు రోజులు పట్టవచ్చు. ఈ ఒక్క రాత్రికి మాత్రం, ఆఫీసులో ఉన్న సహోద్యోగికి ఫోన్ చేసి ఫైలు పంపమనడమే సురక్షితం. అప్పుడు కూడా మీ పాస్‌వర్డ్ చెప్పకండి.