శాశ్వత చిరునామా

ప్రభుత్వ కార్యాలయాలలో ఏ దరఖాస్తు తీసుకున్నా అందులో ఒక గడి తప్పక ఉంటుంది: ‘శాశ్వత చిరునామా’. ముప్పై ఏళ్ళకు పైగా గుమాస్తాగా పనిచేసిన నేను ఆ గడిని ఎన్ని వేల సార్లు పరిశీలించానో లెక్క లేదు. అది ఖాళీగా ఉన్న దరఖాస్తును త్రిప్పి పంపడం నా విధి. ఆ గడిలో ఏమి వ్రాయాలో తెలియక ఒక మనిషి ఎందుకు ఆగిపోతాడో ఆనాడు నేను ఆలోచించలేదు. పదవీ విరమణ తరువాత ఒక చిత్రకళా ప్రదర్శన నాకు ఆ సంగతి బోధించింది.

2020 ఫిబ్రవరిలో ఒక సమావేశం నిమిత్తం ఢిల్లీ వెళ్ళాను. షాహీన్ బాగ్‌లో మన తల్లులు, సోదరీమణులు చలిలో రోడ్డుపై కూర్చుని ఉన్న రోజులవి. అదే నగరంలో, సాకేత్ ప్రాంతంలోని కిరణ్ నాడార్ కళాసంగ్రహాలయంలో జరీనా హష్మీ చిత్రాల ప్రదర్శన జరుగుతున్నది. వెంట ఉన్న ఒక యువకుడు బలవంతం చేస్తే వెళ్ళాను. ఒకచోట ‘ఈ దేశం మాది’ అని పౌరులు నోరు తెరిచి చెబుతున్నారు. మరొకచోట ఒక వృద్ధ కళాకారిణి అదే మాటను నిశ్శబ్దంగా కాగితంపై చెప్పారు.

జరీనా 1937లో అలీగఢ్‌లో జన్మించారు. తండ్రి అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులు. అక్కడే ఆమె గణితశాస్త్రంలో పట్టభద్రురాలయ్యారు. దౌత్యోద్యోగి అయిన భర్త వెంట దేశాలు తిరుగుతూ, పారిస్‌లోను, టోక్యోలోను ముద్రణకళ అభ్యసించి, చివరకు న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. దేశ విభజన నాటికి ఆమెకు పదేళ్ళు. 1950ల చివర తల్లిదండ్రులు కరాచీకి తరలిపోయారు. పుట్టిన ఇల్లు ఒక దేశంలో, కన్నవారు మరొక దేశంలో, తాను వేరొక ఖండంలో. ఇక ఆమె శాశ్వత చిరునామా ఏది? జీవితమంతా ఆమె వేసిన చిత్రాలు ఈ ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

ఆమె పనితనం మనకు పరాయిది కాదు. పెడనలో కలంకారీ బట్టలపై చెక్క అచ్చులు అద్దడం చూసినవారికి అది తెలిసినదే. చెక్కపై ఉలితో రేఖలు తొలిచి, సిరా పూసి, చేతితో తయారైన కాగితంపై అద్దుతారు. కొన్ని చిత్రాలకు చెక్క బదులు లోహపు పలక వాడారు. వాటిలో రంగుల ఆర్భాటం లేదు. మనుషుల ముఖాలు లేవు. నెత్తురు, కన్నీరు లేవు. ఉన్నవి గీతలు మాత్రమే.

‘తండ్రి ఇల్లు, 1898–1994’ అనే ముద్రణ ఒక ఇంటి ప్లాను. ఉద్యోగపు తొలినాళ్ళలో నేను శ్రీశైలం ముంపు గ్రామాల పరిహారపు దస్త్రాలకు నకళ్ళు వ్రాశాను. ఆ జలాశయం క్రింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాలలో సుమారు వంద గ్రామాలు మునిగిపోయాయి. ఆ దస్త్రాలలోనూ ఇళ్ళ ప్లానులు ఉండేవి: గోడల కొలత, కప్పు రకం, చదరపు అడుగుకు కట్టిన వెల. ఏ గదిలో అమ్మమ్మ నమాజు చేసేదో, ఏ గడప మీద పిల్లలు సాయంత్రం కూర్చునేవారో వాటిలో ఉండదు, ఉండవలసిన అవసరమూ లేదు. జరీనా గీసినదీ ప్లానే. కాని ఆమె గదుల పేర్లను తన ఇంటి భాషలో, ఉర్దూలో వ్రాసుకున్నారు. దస్త్రంలోని ప్లాను ఇల్లు పోయిందని ధ్రువీకరిస్తుంది. ఈమె ప్లాను ఇల్లు ఉండేదని సాక్ష్యం చెబుతుంది.

2001లో వేసిన ‘విభజన రేఖ’ మరొకటి. పంజాబు మీదుగా గీసిన సరిహద్దే ఆ చిత్రం. ఒక నల్లని వంకర గీత తప్ప అందులో మరేమీ లేదు. అంతకు ముందెన్నడూ ఈ దేశానికి రాని రాడ్‌క్లిఫ్ అయిదు వారాలలో నిర్ణయించిన ఆ రేఖ కోట్ల మంది చిరునామాలను మార్చివేసింది. దానిని ఆమె ఎవరినీ నిందించకుండా, ఎవరినీ క్షమించకుండా ఉలితో చెక్కి మన ముందుంచారు. 2003 నాటి మరొక చిత్రమాలికలో సరాయెవో, బాగ్దాద్, కాబూల్, జెనిన్ వంటి విధ్వంసమైన నగరాల పటాలున్నాయి. వాటి సరసన న్యూయార్క్ ఉన్నది, మన అహ్మదాబాద్ కూడా ఉన్నది. నష్టాన్ని నమోదు చేసేటప్పుడు ఆమె తనవారు, పరాయివారు అన్న తేడా పాటించలేదు.

నన్ను అన్నిటికంటె కలచినది ‘ఇంటి నుండి ఉత్తరాలు’. అక్క రాణి వ్రాసి కూడా పోస్టు చేయకుండా దాచిన ఉర్దూ లేఖలవి. తల్లిదండ్రుల మరణం, ఇంటి అమ్మకం వంటి కబుర్లు వాటిలో ఉన్నాయి. ఆ చేతివ్రాతనే అచ్చుగా చేసి, దానిపై ఇంటి రూపాలను, పటాల గీతలను పరిచారు. మన ఇళ్ళలో ఇనుప పెట్టెల అడుగున ఇటువంటి ఉత్తరాలు ఇంకా ఉన్నాయి. వాటిని చదవగల మనుమలెందరు? ఇంట్లో ఉర్దూ మాట్లాడుతూ, బడిలో తెలుగు, ఇంగ్లీషు మాత్రమే నేర్చిన మన పిల్లలకు నానీ ఉత్తరం ఒక బొమ్మగానే కనిపిస్తుంది. ఈ దుస్థితికి ప్రభుత్వాలను నిందించడం సులభం. ఇంటిలో రోజుకు పావుగంట అక్షరాలు దిద్దించని మనల్ని ఎవరు నిందించాలి?

‘ఉద్యోగాలు లేవు, భద్రత లేదు, ఈ సమయంలో గ్యాలరీలలోని బొమ్మల గురించి ముచ్చటా?’ అని కొందరు మిత్రులు అడుగుతారు. అడగదగిన ప్రశ్నే. లక్షలు పలికే చిత్రాలు మన బస్తీలకు రావన్నదీ నిజమే. అయితే 2019 ఆగస్టు 31న అస్సాంలో ప్రకటించిన పౌరుల తుది జాబితాను గుర్తు చేసుకోండి. 19 లక్షల పైచిలుకు మంది పేర్లు అందులో లేవు. వారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. ఏళ్ళ తరబడి ఒకే మట్టిపై బ్రతికినవారిని తాత పేరులోని ఒక అక్షరం ఇరుకున పెట్టింది. 2025 వక్ఫ్ సవరణ చట్టం, దీర్ఘకాల వాడుక వలన ఒక స్థలాన్ని వక్ఫ్‌గా గుర్తించే పద్ధతిని ఇకముందుకు తొలగించింది. అంతకు ముందే నమోదైన వాటికి కూడా, అవి వివాదంలో గాని, ప్రభుత్వ భూమి అన్న వాదనలో గాని లేనప్పుడే రక్షణ ఉంచింది. ‘మా తాతల కాలం నుండి ఇది ఖబరస్తానే’ అనే మాట ఇక చాలదు. నోటి జ్ఞాపకం మనిషితో పాటు ఖబరులోకి వెళ్ళిపోతుంది. కాగితం మిగులుతుంది. అందుచేత జ్ఞాపకాన్ని కాగితం మీద పెట్టడం విలాసమని నేను అనుకోను. అది హక్కుల పోరాటంలో ఒక భాగం.

ఈ విషయంలో మన నిర్లక్ష్యం పాతదే. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానంలో జరిగిన దానిని మన పెద్దలు పిల్లల ముందు మాట్లాడలేదు. సుందర్‌లాల్ కమిటీ నివేదికను ప్రభుత్వం దశాబ్దాల పాటు ప్రచురించలేదు. ప్రభుత్వం దాచినది కొంత, భయంతో మనం మింగినది కొంత. రెండూ కలిసి ఒక తరం చరిత్రను చెరిపివేశాయి.

కనుక నా మనవి ఇది. ప్రతి కుటుంబం తన పాత ఇంటి ప్లానును ఒక తెల్లకాగితంపై గీయాలి. గదుల పేర్లు ఉర్దూలోను, తెలుగులోను వ్రాయాలి. ప్రతి జమాఅత్ తన మసీదు, ఖబరస్తాన్, ఆషుర్‌ఖానాల హద్దులను, సర్వే నెంబర్లను, పెద్దల వాఙ్మూలాలను తేదీలతో పుస్తకంలో ఎక్కించి, నకలు వేరొక చోట భద్రపరచాలి. కుటుంబసభ్యుల పేర్లు అన్ని పత్రాలలో ఒకే అక్షరక్రమంలో ఉన్నాయో లేదో ఇప్పుడే సరిచూసుకోవాలి. ఇవేవీ గొప్ప చదువు కావలసిన పనులు కావు. ఒక సెలవు రోజు, ఒక పెద్దమనిషి, వ్రాయగలిగిన ఒక పిల్ల లేక పిల్లవాడు ఉంటే చాలు.

2011లో వెనిస్ అంతర్జాతీయ కళోత్సవంలో భారతదేశపు మండపంలో ఉంచిన కళాకారులలో జరీనా ఒకరు. కన్నవారు సరిహద్దు దాటిపోయినా, తాను అమెరికాలో బ్రతికినా, ఆమె గీతలు ఈ దేశం పేరనే ప్రపంచం ముందు నిలిచాయి. నేను ప్రదర్శన చూసి వచ్చిన రెండు నెలలకు, 2020 ఏప్రిల్ 25న, ఆమె లండన్‌లో మరణించారు. అల్లాహ్ ఆమెకు మగ్‌ఫిరత్ ప్రసాదించుగాక.

నేను మా పాత ఇంటిని గీయడానికి కూర్చున్నప్పుడు బావి ఏ మూలన ఉండేదో గుర్తు రాలేదు. ఆపాకు ఫోన్ చేశాను. ఆమెకు ఎనభై దగ్గరపడుతున్నాయి. “బావి తూర్పున కాదు తమ్ముడూ, వంటింటి వెనుక. ప్రక్కన దానిమ్మ చెట్టు, దాని క్రింద అమ్మీ కూర్చుని బియ్యం ఏరేది” అన్నది. ఆ చెట్టు సంగతి నేను పూర్తిగా మరచిపోయాను. ఆపా చెప్పిన చోట చుక్క పెట్టి, ప్రక్కన ‘అనార్’ అని వ్రాశాను. ఆ కాగితాన్ని ఇప్పుడు ఇంటి పత్రాలున్న సంచిలోనే ఉంచాను.