చంద్రగిరి కోటను నడచి చూద్దాం

ఉర్దూలో 'తారీఖ్' అనే మాటకు రెండు అర్థాలు కలవు. ఒకటి తేది, రెండవది చరిత్ర. తెలుగువారు ఆ మాటను 'తారీఖు'గా స్వీకరించినప్పుడు మొదటి అర్థాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకొని, రెండవదానిని గడప అవతలనే విడిచివచ్చారు. మన విద్యార్థుల చరిత్రజ్ఞానం కూడ ఇంచుమించు ఇదే తీరున ఉన్నదని చెప్పుటకు విచారిస్తున్నాను. పానిపట్టు యుద్ధాలు ఎన్ని, ఏయే సంవత్సరాలలో జరిగినవి అని అడిగితే తడుముకోకుండా చెప్పగలరు. పాకాల సమీపాన ఉన్న దామలచెరువు కనుమలో 1740లో ఏమి జరిగినదని అడిగితే మాత్రం, ఆ ఊరి మామిడికాయల మండీని గురించి చెబుతారు.

ఈ దోషం వారిది కాదు. మనం వారికి చరిత్రను పుస్తకంలో చూపించాము గాని నేలమీద చూపించలేదు. విహారయాత్ర అనగానే దూరప్రాంతాలకు బస్సు మాట్లాడుతాము. తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల లోపున చంద్రగిరి కోట ఉన్నదన్న సంగతి మనకు గుర్తుకు రాదు. గుర్తుకు వచ్చినా, గంటసేపు తిరిగి, ఫలహారాలు ముగించి, ఫొటోలు దిగి తిరిగివస్తాము.

అటువంటి ఒక ప్రయాణంలో జరిగిన చిన్న సంఘటన నన్ను ఈ వ్యాసానికి పురికొల్పినది. రాజమహలు ముందర ఒక వ్యక్తి మన పిల్లలను చుట్టూ చేర్చుకొని, కోటనుండి తిరుమలకు సొరంగమున్నదనీ, దానినిండా బంగారమున్నదనీ, తురకలు వచ్చి అంతా పాడుచేశారనీ చెప్పసాగాడు. పిల్లలు నోళ్ళు తెరచి విన్నారు. తిరుగు దారిలో ఒక విద్యార్థి నా ప్రక్కన కూర్చుండి, ఎంతో మెల్లగా, "ఈ కోట కథలో మనవాళ్ళు చెడగొట్టినవాళ్ళేనా సార్?" అని అడిగాడు. ఆ క్షణాన నా దగ్గర సమాధానం లేదు. ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగవేసిన పిమ్మట సమాధానం దొరికినది. అయితే అది అవును అనేదీ కాదు, కాదు అనేదీ కాదు. ఆ సమాధానాన్ని నాలుగు గోడల మధ్య చెప్పుటకంటె, ఆ కోటగోడల ప్రక్కన నడుస్తూ చెప్పుట మేలని నా అభిప్రాయం.

ఇతర దేశాలవారు ఈ పని ఎట్లు చేస్తున్నారో ఒక ఉదాహరణ చెబుతాను. ఇటలీ దేశంలోని ఉంబ్రియా ప్రాంతాన, టైబరు నది ఎగువ లోయలో మోంటోనె అనే చిన్న ప్రాచీన పట్టణం ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1944 జూలై 10వ తేదీన ఆ లోయలో మరాఠా పదాతిదళానికి చెందిన నాయక్ యశ్వంత్ ఘాడ్గే, తన చిన్న జట్టులోని వారందరూ నేలకూలిపోగా, ఒంటరిగా శత్రువుల మరతుపాకి స్థావరం మీదికి ఉరికి దానిని పట్టుకొని, అక్కడనే ప్రాణాలు విడిచాడు. అప్పటికి ఆయన వయస్సు 22 సంవత్సరాలు. మరణానంతరం విక్టోరియా క్రాస్ లభించినది. ఆయన భౌతికకాయం మాత్రం దొరకలేదు. 2023 జూలైలో ఆ పట్టణంవారు మన రాయబార కార్యాలయంతో కలిసి ఆయన పేర ఒక నీడగడియారాన్ని స్మారకంగా నెలకొల్పారు. మనమందరమూ ఒకే సూర్యుని క్రింద బ్రతుకుతున్నామన్న భావం దానికి ఆదర్శవాక్యం. ఇటలీ రణరంగంలో సుమారు 50,000 మంది భారతీయ సైనికులు పోరాడగా, 5,700 మందికి పైగా అసువులు బాశారు. పరదేశపు సైనికుణ్ణి, పరభాష మాట్లాడినవాణ్ణి, పరమతస్థుణ్ణి ఆ ఊరివారు తమ వీరునిగా స్మరించుకొంటున్నారు. ఇది గమనింపదగిన విషయం.

ఇక మన నేలకు వద్దాము. ఆ ఘాడ్గే పూర్వులవంటి మరాఠా రౌతులే 1740 మే నెలలో రఘోజీ భోంస్లే వెంట కర్ణాటకం మీదికి దండెత్తి వచ్చారు. ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ దామలచెరువు కనుమను కాపాడుటకు నిలిచాడు. మరాఠా దళాలు మరొక దారిన కొండ దాటి వెనుకనుండి పైబడినవి. నవాబు అక్కడనే నేలకొరిగాడు. ఆయనతోపాటు ఆయన కుమారుడు హసన్ అలీ కూడ మరణించాడు. ఉర్దూలో 'తోప్' అంటే ఫిరంగి, తెలుగులో 'తోపు' అంటే చెట్ల గుంపు. తోప్‌లు మ్రోగిన ఆ చోట నేడు మామిడి తోపులున్నవి. ఆనాడు శత్రువుగా వచ్చిన మరాఠాల సంతతివాడు 1944లో ఇటలీలో మరణించినప్పుడు మనవాడై, మన గర్వకారణమైనాడు. కాబట్టి శత్రువు, మిత్రుడు అనే పేర్లు కాలంతోపాటు మారుతవి. మారనిది, ఆపదలో నిలిచిన మనిషి గుండెదిటవు.

ఇప్పుడు చంద్రగిరి కోటలోని నడకను ఊహించండి. మొదటి మజిలీ కోటగోడ. కొండ పాదాన రాళ్ళు పేర్చి కట్టిన ఈ ప్రాకారం ముందు నిలిచి చెప్పవలసినది, ఈ కోట ఏ ఒక్కరిదీ కాదన్న సంగతి. యాదవరాజుల నాడు వెలసి, విజయనగర ప్రభువుల చేత పెరిగి, పెనుగొండ తరువాత అరవీటి వంశంవారికి రాజధానియై, 1646లో గోల్కొండ వశమై, ఆపైన ఆర్కాటు నవాబులకు, మైసూరుకు చేతులు మారినది.

రెండవ మజిలీ రాజమహలు. మూడంతస్తుల ఈ కట్టడంలో కలప వాడలేదు. రాయి, ఇటుక, సున్నం, గచ్చు, ఇవే సాధనాలు. ఇప్పుడది పురావస్తు శాఖవారి ప్రదర్శనశాల. చెన్నపట్టణానికి చోటిచ్చిన పత్రం ఈ మహలులోనే వ్రాయబడినదని జనులు చెప్పుకొంటారు. మార్గదర్శకుడైన విద్యార్థి ఇక్కడ జాగ్రత్తగా ఉండవలెను. 1639లో ఆంగ్ల వర్తకులకు చోటిచ్చినవాడు చంద్రగిరి ప్రభువుల క్రింది దామర్ల వేంకటాద్రి నాయకుడు. 1645లో శ్రీరంగరాయలు వారికి మరల పత్రమిచ్చాడు. ఇంతవరకు చరిత్ర. ఏ గదిలో, ఏ గవాక్షం ప్రక్కన అన్నది జనశ్రుతి. రెండింటినీ చెప్పవచ్చును, కాని ఇది చరిత్ర, ఇది జనశ్రుతి అని విడదీసి చెప్పవలెను. ప్రక్కనున్న రాణీమహలు సంగతీ ఇటువంటిదే. పేరు రాణిదే అయినా, ఆ కట్టడం గుర్రపుశాల గానో, సేనాని నివాసం గానో ఉండినదని పురావస్తు శాఖవారి అభిప్రాయం.

మూడవ మజిలీ వద్ద ఆ విద్యార్థి ప్రశ్నకు సమాధానం మొదలవుతుంది. 1758 నాటికి ఈ కోట ఆర్కాటు నవాబు ముహమ్మదలీ సోదరుడైన అబ్దుల్ వహాబ్ ఖాన్ అధీనంలో ఉండెననీ, తిరుపతి పుణ్యక్షేత్ర రక్షణభారాన్ని ఆయన వహించెననీ ఆంగ్లేయుల కాలపు గెజిటీరు చెబుతున్నది. వేంకటేశ్వరుని సన్నిధికి పోవు యాత్రికుల బాటకు కావలి ఒక ముస్లిం ఖిల్లేదారు. ఇది మనం ఆనందింపదగిన సత్యం. అయితే దీనిని అతిశయోక్తిగా చెప్పరాదు. ఆ రోజులలో దేవాలయపు రాబడి పాలకులందరికీ అవసరమైనదే. నవాబుకు, కుంపిణీకి, వారి ప్రత్యర్థులకు అందరికీ దానిమీద చూపు ఉండినది. ధర్మమూ ధనమూ రెండూ ఆ కావలిలో ఉన్నవని చెప్పితేనే మన మాటకు విలువ.

ఆ తరువాత మైసూరు యుద్ధం వచ్చినది. 1780లో హైదరాలీ కర్ణాటకం మీదికి దిగి, సెప్టెంబరు 10వ తేదీన పొల్లిలూరులో కుంపిణీ సేనను చిత్తుచేశాడు. 1782లో ఆయన ముట్టడికి తాళలేక అబ్దుల్ వహాబ్ ఈ కోటను వదులుకొన్నాడు. ముట్టడించినవాడూ ముస్లిమే, లోపలనుండి కాపాడినవాడూ ముస్లిమే. ఇరువైపుల సేనలలోను హిందువులూ ముస్లిములూ భుజం భుజం కలిపి నిలిచారు. ఇది మతాల పోరు కాదు, రాజ్యాల పోరు. 'మనవాళ్ళు' అనే మాటను ఈ గోడమీద ఎక్కడ వ్రాయగలము? ఏ వైపున వ్రాసినా సగం తప్పే అవుతుంది.

నడక చివర కోనేటి గట్టున కూర్చుండి ఒక కథ చెప్పుకోవలెను. ఇక్కడికి ఎంతో దూరం కాని చిత్తూరు సమీపాన, నరసింగరాయనిపేట శిబిరంలో, 1782 డిసెంబరు 7వ తేదీన వీపుమీది రాచపుండుతో హైదరాలీ మరణించాడు. కుమారుడు టిప్పు అప్పుడు పశ్చిమ తీరాన పొన్నాని వద్ద యుద్ధంలో ఉన్నాడు. ప్రభువు పోయినాడని తెలిస్తే సేన చెదరిపోవును, శత్రువు మీదపడును. అప్పుడు మంత్రులైన పూర్ణయ్య, కృష్ణారావులు తక్కిన ముఖ్యులతో కలిసి ఆ మరణాన్ని దాచారు. భౌతికకాయాన్ని పెట్టెలో ఉంచి, ఖజానా పెట్టెను పంపినట్లు కోలారుకు పంపారు. శిబిరంలో దినచర్య ఎప్పటివలెనే సాగినది. మధ్యలో తలెత్తిన కుట్రను కూడ అణచివేశారు. టిప్పు వచ్చి సేనను చేరేవరకు ఆ రహస్యం శత్రువుల చేతికి ఆయుధం కాలేదు.

ఒక ముస్లిం ప్రభువు మృతదేహానికి, ఆయన కుమారుని సింహాసనానికి ఒక బ్రాహ్మణ మంత్రి కావలి. ఒక హిందూ క్షేత్రానికి ఒక ముస్లిం ఖిల్లేదారు కావలి. ఈ రెండు కథల మధ్య ఇరవైనాలుగు సంవత్సరాల కాలం, ఒక దినపు ప్రయాణమంత దూరం మాత్రమే ఉన్నది. నా విద్యార్థి అడిగిన ప్రశ్నకు ఇదే నా సమాధానం. కోటను పడగొట్టినవారిలో మనవాళ్ళున్నారు, కాపాడినవారిలోనూ ఉన్నారు. అట్లే ప్రతివారూ ఉన్నారు.

కొందరు పెద్దలు ఆక్షేపణలు చెప్పవచ్చును. పాత యుద్ధాలను త్రవ్వితే పాత పగలు మేల్కొంటవి అనవచ్చును. మనం చెప్పకపోయినంత మాత్రాన కథలు ఆగవు. మహలు ముందర ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. మనం మౌనం వహించిన చోట సొరంగాల కథలూ నిందల కథలూ వచ్చి కూర్చుంటవి. ఈ విషయాలు పరీక్షలలో రావు అని విద్యార్థులు అనవచ్చును. నిజమే, రావు. కాని రేపు ఉద్యోగంలో, ఊరిలో, రైలుపెట్టెలో, "మీరెక్కడివారు?" అని ఎవరైన అడిగినప్పుడు ఇవే అక్కరకు వస్తవి. రాజుల కీర్తి మనకెందుకు అని మరికొందరు అనవచ్చును. ఆ మాటలో న్యాయమున్నది. అందుచేతనే ఈ నడకలో రాజులతోపాటు రాళ్ళు మోసినవారిని, కోనేరు త్రవ్వినవారిని, తోలుతిత్తితో సేనకు నీరు మోసిన భిస్తీలను కూడ స్మరించవలెను. వారి పేర్లు ఏ శాసనంలోను లేవు. వారు లేకుండ ఏ కోటా ఒక్కదినమైనా నిలువలేదు.

కావున కళాశాల పాలకవర్గానికి నేను చేయు విన్నపం ఇది. ఏడాదికి ఒక ఆదివారం చంద్రగిరి నడకకు కేటాయించండి. చరిత్ర, తెలుగు, ఉర్దూ శాఖల అధ్యాపకులు కలిసి ఒక చిన్న కరదీపికను తయారు చేయవలెను. ప్రతి మజిలీ వద్ద ఇద్దరు విద్యార్థులు నిలువవలెను. ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో చెప్పవలెను. ఉర్దూ వచ్చినవారు తెలుగులో, తెలుగు వచ్చినవారు ఉర్దూలో చెప్పుటకు ప్రయత్నిస్తే మరీ మంచిది. ఖిల్లేదారు, జమేదారు, సిపాయి, ఫౌజు అన్న మాటలు మన తెలుగులోకి ఎట్లు నడచివచ్చినవో ఆ నడకలోనే తెలుస్తుంది. ఖర్చు స్వల్పం. పల్లెవెలుగు బస్సు టిక్కెట్టు, ఇంటినుండి తెచ్చుకొన్న అన్నపుమూట, త్రాగుటకు నీరు చాలును. రెండవ సంవత్సరం నరసింగరాయనిపేటకు, మూడవ సంవత్సరం గుర్రంకొండకు పోవచ్చును. గుర్రంకొండలో టిప్పు మేనమామ మీర్ రజా అలీ ఖాన్ సమాధి ఉన్నది. 1791లో జరిగిన ముట్టడిని చూచిన దుర్గమది.

విద్యార్థినీ విద్యార్థులారా! బస్సు కిటికీలోనుండి చూచిన కోట ఒక కొండ మాత్రమే. దాని మెట్లు ఎక్కి, రాయిని చేతితో తాకి, కాళ్ళు నొప్పిపెట్టినప్పుడు గట్టున కూర్చుండి చూచిన కోట మీ స్వంతమవుతుంది. ఆ రోజు ప్రశ్న అడిగిన విద్యార్థి ఈ సంవత్సరం తృతీయ సంవత్సరంలో ఉన్నాడు. నడకకు అనుమతి లభిస్తే, మూడవ మజిలీ వద్ద నిలిచి చెప్పు బాధ్యతను అతనికే అప్పగించవలెనని నా కోరిక. ఆ దినాన నేను వినేవారిలో ఒకడినై వెనుక నిలుచుంటాను.