సోదరీ గోష్ఠి: బల్లమీది టెలిఫోను

మా పాఠకురాలగు నొక సోదరి, పిల్లలు పెద్దవారైన పిమ్మట, ఇటీవలనే యొక కార్యాలయమున నుద్యోగమునకు కుదిరినది. లెక్కలకుగాని యుత్తరప్రత్యుత్తరములకుగాని తాను జంకుట లేదనియు, బల్లమీది టెలిఫోను మ్రోగినప్పుడు మాత్రము చేతులు వణకుచున్నవనియు, ఆ మీటల సంగతి యితరుల నడుగుటకు సిగ్గగుచున్నదనియు మాకు వ్రాసినది. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. ఇట్టి సందేహము మరికొందరు సోదరీమణులకును ఉండవచ్చునని తలచి, యీ మాసము దీనిని గూర్చియే ముచ్చటింతుము.

టెలిఫోను పని స్త్రీలకు క్రొత్తది కాదు. తొలుత అమెరికాలో నీ పనికి బాలురను నియమించిరి. వారు పిలిచినవారితో దురుసుగా మాటలాడుచుండిరి. అందుచే 1878 సెప్టెంబరు 1వ తేదీన బోస్టను నగరమున ఎమ్మా నట్ అను యువతి యీ పనిలో ప్రవేశించెను. ఆ వృత్తిలో ఆమెయే మొదటి స్త్రీ. నాడు ఆమె తీగలను చేతితో కలిపి చేసిన పనిని నేడు యంత్రము చేయుచున్నది. మన కోరికను ఆ యంత్రమునకు తెలుపు భాషయే యీ మీటలు. అంకెల మీటలు 1963లో అమెరికాలో వాడుకలోనికి వచ్చినవి. నక్షత్రపు గుర్తును, హాష్ గుర్తును 1968లో వాని సరసన చేరినవి.

మొదట తెలిసికొనవలసినది హోల్డు మీట. దానిని నొక్కినచో మన మాట వారికిని, వారి మాట మనకును వినబడదు. మ్యూటు మీట యట్లు కాదు. వారి మాట మనకు వినబడును, మన మాట మాత్రమే వారికి వినబడదు. కొందరు రిసీవరును బల్లమీద పరుండబెట్టి ప్రక్కవారితో మాటలాడుదురు. అది హోల్డు కాదు. ఆ మాటలన్నియు నవతలివారి చెవిని పడుచునే యుండును!

పిలుపును వేరొకరికి మార్చుటకు ట్రాన్స్‌ఫరు మీట కలదు. దానిని నొక్కి, వారి సంఖ్య నొక్కి, వెంటనే రిసీవరు పెట్టివేయుట యొక పద్ధతి. వారు పలికినదాక వేచియుండి, పిలిచిన దెవరో, పని యేమో తెలిపి పిమ్మట కలుపుట రెండవ పద్ధతి. రెండవదియే మర్యాద. మొదటి పద్ధతిలో, అవతల నెవ్వరును లేకున్నచో, పిలిచినవారు దిక్కులేనివారగుదురు.

ఇక సంకేతాంకములు. ఇవి కార్యాలయమును బట్టి మారుచుండును. అస్టరిస్కు అను వ్యవస్థలో, సామాన్యముగా, ప్రక్కబల్లపై మ్రోగు పిలుపును మన బల్లనుండియే యందుకొనుటకు *8 నొక్కుదురు. మనకు వచ్చు పిలుపులను వేరొకచోటికి మరల్చుటకు *72, ఆ మరలింపును రద్దుచేయుటకు *73 అనునవి పెక్కుచోట్ల వాడుకలో నున్నవి. ఈ రెంటిని జంటగా జ్ఞప్తియందుంచుకొనవలెను. ఏలయన, మా యనుభవ మొకటి కలదు.

మా యింట సెల్‌ఫోను లేని రోజులలో, మేమొకప్పుడు సెలవుపై వెళ్లుచు మా పిలుపులను పై అంతస్తులోని గదికి మరల్చితిమి. తిరిగివచ్చి రద్దుచేయుట మరచితిమి. ఆ మధ్యాహ్నమే మా తల్లిగారు పెరటిలో జారిపడిరి. పొరుగింటి పిన్నిగారు మాకై మూడుమార్లు పిలిచిరి. గంట తాళము వేసిన గదిలో మ్రోగెను. మేము మాత్రము ఈ దినము పిలుపులు తక్కువగా నున్నవని సంతసించుచు కూర్చుంటిమి! దీపములు పెట్టు వేళ కింటికి చేరినపుడు గాని మాకు సంగతి తెలియలేదు. దైవానుగ్రహమున నామె కోలుకొనిరి. నాటినుండి టెలిఫోను పలుకకున్నచో మేము దానిని నమ్ముట మానితిమి.

ఈ మరలింపునే దొంగలును వాడుకొందురు. టెలిఫోను సంస్థవారమని చెప్పి, సెల్‌ఫోనులో *401* అని నొక్కి యొక సంఖ్యను చేర్చుమందురు. అట్లు చేసినచో మన పిలుపులన్నియు వారికి చేరును. బ్యాంకువారు గొంతుతో చెప్పు రహస్యసంఖ్యయు వారి చెవినే పడును. ఇందువలననే భారత టెలికాం శాఖ యిట్టి సంకేతములతో పిలుపులు మరల్చు సౌకర్యమును 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయవలసినదని సంస్థల నాజ్ఞాపించెను. అయినను, అపరిచితులు నొక్కుమన్న సంకేతము నెన్నడును నొక్కరాదు.

సోదరీ! నీ కార్యాలయపు సంకేతములను సాంకేతికుని యొద్ద తెలిసికొని, యొక అట్టముక్కపై వ్రాసి టెలిఫోను ప్రక్కన నుంచుకొనుము. ప్రక్కబల్ల స్నేహితురాలితో నొకపూట అభ్యసింపుము. వంటయింట క్రొత్త పొయ్యి వచ్చిననాడు మన మెట్లు నేర్చితిమో, ఇదియు నట్లే. రేపటికి చేతుల వణకు తగ్గును.