బారు లైసెన్సు వస్తే చాలదు
పనివారి లెక్క చూపవలసిన బాధ్యత యజమానులదే

రాష్ట్రంలో కొత్త బార్ల విధానం 2025 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చిన సంగతి విదితమే. పట్టణ జనాభాను బట్టి 35 లక్షల నుంచి 75 లక్షల రూపాయల వరకు లైసెన్సు రుసుము నిర్ణయించారు. పది శాతం బార్లను కల్లుగీత కులాల వారికి కేటాయించారు. దీనితో పల్లెల నుంచి పనివారే కాక, కొత్తగా యజమానులు కూడా ఈ వ్యాపారంలోకి వస్తున్నారు. ఎక్సైజు శాఖకు రుసుము కట్టగానే బాధ్యత తీరిందని అనుకునేవారు ఎక్కువ. కాని కార్మిక చట్టాల లెక్క వేరే వుంది.

రెండు బ్యాచీలు తప్పవు

కొత్త విధానంలో బారు ఉదయం 10 నుంచి రాత్రి 12 వరకు, అంటే రోజుకు 14 గంటలు తెరిచి వుంచవచ్చు. వారానికి ఇది 98 గంటలు. ఒక మనిషి చేత మామూలుగా చేయించవలసిన పని వారానికి 48 గంటలే. ఒక పనికి ఇద్దరిని పెట్టినా ఇంకా రెండు గంటలు మిగులుతాయి. ఒకే సప్లయరు చేత తలుపు తీసింది మొదలు మూసేవరకు పని చేయించి, నెల జీతం చేతిలో పెడితే సరిపోదు. అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలి.

2025 నవంబరు 21 నుంచి దేశమంతటా కొత్త కార్మిక స్మృతులు అమలులోకి వచ్చాయి. చిన్న సంస్థలకు కొన్ని చట్టాలలో సడలింపులు వున్నా, వేతన స్మృతి నుంచి ఒక్క పనివాడు వున్న బారుకు కూడా మినహాయింపు లేదు. ప్రభుత్వం నిర్ణయించిన కనీస వేతనం యజమానే ఇవ్వాలి. గిరాకీ ఇచ్చే టిప్పు జీతం కిందికి రాదు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా అందాలి. పని మానినా, మాన్పించినా రెండు పనిదినాలలో బాకీ తీర్చాలి.

గ్లాసు పగిలితే ఎవరి నష్టం?

గ్లాసు పగిలినా, తాగినవాడు బిల్లు ఎగవేసినా సప్లయరు జీతంలో కోత పెట్టడం పరిపాటి. చట్టం దీనికి హద్దు పెట్టింది. అతనికి అప్పగించిన వస్తువుకో, సొమ్ముకో అతని నిర్లక్ష్యం వల్లనే నష్టం కలిగితే తప్ప కోయరాదు. కోసే ముందు అతని సంజాయిషీ వినాలి. అన్ని కోతలూ కలిపి జీతంలో సగం దాటరాదు.

పదిమంది, అంతకు మించి పనిచేసేచోట ఇ.ఎస్.ఐ. వర్తిస్తుంది. జీతం 21,000 రూపాయలలోపు వున్నవారికి యజమాని 3.25 శాతం, పనివాడు 0.75 శాతం కట్టాలి. 15,000 జీతానికి యజమాని వాటా 487 రూపాయల 50 పైసలు, పనివాడిది 112 రూపాయల 50 పైసలు. ఇంత కొద్ది మొత్తానికి వెనుకాడి పేర్లు దాచిపెడితే, వంటగదిలో నూనె పడి ఒళ్ళు కాలిన రోజున ఆస్పత్రి ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? ఇరవైమంది వుంటే ప్రావిడెంటు ఫండు కూడా వుంటుంది. పధ్నాలుగేళ్ళు నిండని పిల్లలను గ్లాసులు కడగడానికైనా పెట్టుకోవడం నేరం.

కాగితమే ఇద్దరికీ రక్ష

లైసెన్సు ఒకరి పేర, వ్యాపారం మరొకరి చేతిలో వున్న బార్లలో ‘నేను యజమానిని కాను’ అని తప్పించుకోజూడడం మామూలే. వేతన స్మృతి దృష్టిలో వ్యవహారం ఎవరి అదుపులో వుంటే వారూ యజమానులే, మేనేజరు కూడా అందులోకి వస్తాడు. జీతం బాకీ అని పనివాడు మూడేళ్ళలోగా దావా వేయవచ్చు. ఇచ్చేశానని రుజువు చేయవలసిన భారం యజమానిదే. హాజరు పట్టీ, జీతాల రిజిస్టరు, జీతం చీటీ లేనివాడు నిజంగా ఇచ్చినా ఓడిపోయే ప్రమాదం వుంది. తక్కువ ఇచ్చినట్లు తేలితే 50,000 రూపాయల వరకు, అయిదేళ్ళలో మళ్ళీ అదే తప్పు చేస్తే లక్ష వరకు జరిమానా లేక మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.

పట్నంలో బారు పనికి కుర్రవాణ్ణి పంపే తల్లిదండ్రులు జీతమెంత అని మాత్రమే అడిగి వూరుకోరాదు. రిజిస్టరులో పేరు రాశారా, నెలనెలా చీటీ ఇస్తున్నారా అని కూడా అడగాలి. ఇవ్వకపోతే సహాయ కార్మికాధికారి కార్యాలయంలో ఫిర్యాదు చేయవచ్చు. లక్షలు పోసి లైసెన్సు తీసుకున్న యజమానికి ఒక రిజిస్టరు పుస్తకం భారం కాబోదు.